స్ఫటిక జలం, 4వ పాఠం: ఆ అయిదో నీరు ఎక్కడుంది?

పోయిన పాఠం చివర మైలుతుత్తం (నీలి కాపర్ సల్ఫేట్, CuSO₄·5H₂O) స్ఫటికంలో రాగి చుట్టూ ఏముందో బొమ్మ గీయమన్నాను. మీలో చాలామంది రాగి చుట్టూ అయిదు నీటి అణువులు పేర్చి, సల్ఫేట్‌ని పక్కన విడిగా పెట్టారు. ఆ ఫార్ములాలోని చుక్క సంగతి వివరంగా చెప్పకుండా ముందుకెళ్లాను, పొరపాటు నాది. ఈరోజు చెప్పాల్సిన పటిక పాఠం తర్వాత, ముందు ఇది తేల్చుకుందాం.

ఫార్ములాలో చుక్క తర్వాతి 5 ఒక లెక్క మాత్రమే. ఒక కాపర్ సల్ఫేట్‌కి అయిదు నీళ్లు, అంతే. ఏ నీరు దేన్ని పట్టుకుందో అది చెప్పదు.

రాగి చుట్టూ ఒక చదరం గీయండి. నాలుగు మూలల్లో నాలుగు నీళ్లు, సుమారు 1.95 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యికోట్ల వంతు). పైనొకటి, కిందొకటి ఆక్సిజన్లు పెట్టండి. అవి నీటివి కావు, రెండు వేర్వేరు సల్ఫేట్లవి, ఇంకాస్త ఎడంగా 2.4 దగ్గర ఉంటాయి (రాగి చుట్టూ ఉన్న ఆరు బంధాల్లో రెండు ఇలా సాగడాన్ని యాన్-టెల్లర్ ప్రభావం అంటారు, వివరాలు దాటేస్తున్నాను). ఒక్కో సల్ఫేట్ అటొక రాగిని, ఇటొక రాగిని పట్టుకోవడంతో గొలుసు సాగుతుంది. అయిదో నీరు ఏ రాగినీ ముట్టుకోదు. రాగి మీదున్న రెండు నీళ్లతో, సల్ఫేట్ల రెండు ఆక్సిజన్లతో హైడ్రోజన్ బంధాలు కట్టుకుని మధ్యలో ఉంటుంది. బీవర్స్, లిప్సన్ ఎక్స్-రేలతో దీన్ని 1934లోనే తేల్చారు.

ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్)లో ఏడు నీళ్లు: ఆరు మెగ్నీషియం చుట్టూ, ఒకటి బయట. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్)లోనూ ఇనుము చుట్టూ అంతే.

ఇప్పుడు నాకు బాగా చిరాకు తెప్పించే మాట. "వేడిచేస్తే చివరగా పోయేది ఆ అయిదో నీరే, సల్ఫేట్ గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి" అని గైడ్లలో రాసేస్తారు, మనం బట్టీపట్టేస్తాం. నీళ్లు రెండు, రెండు, ఒకటిగా పోవడం నిజమే, చివరిది పోవాలంటే 200 డిగ్రీల దాకా వేడి కావాలన్నదీ నిజమే. కానీ మొదటి రెండు పోగానే స్ఫటికం పాత అమరికలో ఉండదు, అణువులు మళ్లీ కొత్తగా సర్దుకుంటాయి. ఒక్క నీరే మిగిలిన మోనోహైడ్రేట్‌లో ఆ నీటి ఆక్సిజన్ రెండు రాగుల మధ్య వంతెనలా ఉంటుంది, అంటే నేరుగా రాగినే పట్టుకుని ఉంది! బయట ఉన్న పాత అయిదో నీరే అక్కడిదాకా మిగిలిందని ఎలా అంటాం? నీళ్లకి పేర్లు రాసిపెట్టి లేవు. దయచేసి ఆ వాక్యం నోట్సులోంచి కొట్టేయండి.

వేడిచేసి చూసేవాళ్లు పరీక్షనాళిక మూతి కొంచెం కిందికి వంచి పట్టుకోండి. నేను ఎప్పుడూ అలాగే పడతాను, లేదంటే చల్లటి అంచు దగ్గర కట్టిన చుక్కలు వెనక్కి జారి వేడి గాజు పగులుతుంది. నీలం అంచుల నుంచి పాలిపోతూ తెల్లటి పొడిగా మారుతుంది. వంటగిన్నెలు మాత్రం వాడకండి, ఇది విషం.

అభ్యాసం. 2.50 గ్రాముల మైలుతుత్తం వేడిచేస్తే 1.78 గ్రాములు మిగిలింది. ఎన్ని నీళ్లు పోయాయి, మిగిలినది దేన్ని పట్టుకుంది? రెండోది కష్టం, తొందరపడకండి: మెగ్నీషియం క్లోరైడ్, కోబాల్ట్ క్లోరైడ్ రెండిట్లోనూ ఆరేసి నీళ్లే, కానీ కోబాల్ట్ చుట్టూ నాలుగే ఉంటాయి. మిగతా రెండు చోట్లలో ఏమున్నాయో, ఆ రెండు నీళ్లు ఎటు వెళ్లాయో రెండు బొమ్మలు పక్కపక్కన గీసి చూపించండి.