నోటి వాసన పోవట్లేదా? కడుపుని వదిలేసి నాలుక, చిగుళ్లు చూడండి

నోరు వాసన వస్తోంది అనగానే మన ఇళ్లలో మొదట వినపడే మాట "కడుపులో వేడి చేసుంటుంది". ఇక గ్యాస్ టాబ్లెట్లు, జీలకర్ర నీళ్లు మొదలు, నెలలు గడిచిపోతాయి, వాసన మాత్రం అలాగే ఉంటుంది. నిజానికి పది మందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఇది పుట్టేది నోట్లోనే. నాలుక వెనక భాగంలో, పళ్ల సందుల్లో, చిగుళ్ల కింద గాలి తగలని చోట ఉండే బ్యాక్టీరియా అక్కడ మిగిలిపోయిన ప్రోటీన్‌ని తిని గంధకం ఉన్న గ్యాసులు వదులుతుంది. కుళ్లిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అందులో ఒకటి.

మన వాసన మనకి తెలియదు, ముక్కు అలవాటు పడిపోయి ఉంటుంది. అరచేతిలోకి ఊది చూసుకుంటే పెద్దగా ఏం తేలదు. స్పూన్‌తో నాలుక వెనక వైపు మెల్లగా గీకి, కొన్ని సెకన్లు ఆగి వాసన చూడండి, లేదా వెనక పళ్ల సందులో ఫ్లాస్ దారం లాగి చూడండి. అన్నిటికన్నా నమ్మకమైంది ఇంట్లో దగ్గరి మనిషిని అడగడం. వాళ్లూ లేదని, డెంటిస్టూ లేదని చెప్పినా మీకు అనుమానం పోకపోతే అది కూడా బాధే, సైకాలజిస్ట్‌తో మాట్లాడండి, తప్పేం లేదు.

ఇప్పుడు చేయాల్సింది. పొద్దున్న బ్రష్ అందరం చేస్తాం, రాత్రిది వదిలేస్తాం, కానీ వాసన విషయంలో రాత్రిదే ముఖ్యం, ఎందుకంటే నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, నోటిని కడిగేది అదే కాబట్టి అది లేనప్పుడు బ్యాక్టీరియాకి పండగ, పాచినోరు వాసన అందుకే. రెండు నిమిషాలు, మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ పేస్ట్. తర్వాత నాలుక బద్ద. చాలామంది నాలుక ముందు భాగం గీకేసి అయిపోయిందనుకుంటారు, అసలు పాచి వెనకాలే ఉంటుంది. నాలుక బాగా బయటికి చాపి, ఊపిరి వదులుతూ, వెనక నుంచి ముందుకి నాలుగైదు సార్లు మెల్లగా లాగండి, వాంతి వచ్చినట్టుండటం కొన్నాళ్లకి తగ్గుతుంది. మంట పుట్టేలా, రక్తం వచ్చేలా గీకొద్దు. రోజుకోసారి పళ్ల సందుల్లో ఫ్లాస్ గానీ సందుల కోసం అమ్మే చిన్న బ్రష్ గానీ వాడండి. కట్టుడు పళ్లుంటే రాత్రి తీసి, బ్రష్‌తో కడిగి నీళ్లలో పెట్టాలి.

ఇన్ని చేసినా పోలేదంటే చిగుళ్లు చూసుకోండి. బ్రష్ చేస్తుంటే రక్తం వస్తోందని ఆ చోట బ్రష్ చేయడం మానేసేవాళ్లు ఎంతమందో, అలా మానేస్తే ఇంకా ముదురుతుంది. రక్తం రావడం అంటే చిగురు వాచిందని. అక్కడ గార గట్టిపడిపోయి ఉంటే ఏ పేస్టూ, ఏ వేప పుల్లా దాన్ని తీయలేదు, డెంటిస్ట్ దగ్గర క్లీనింగ్ చేయించాల్సిందే. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయి అనే భయం మాత్రం దయచేసి వదిలేయండి. గార పోయాక సందులు ఖాళీగా అనిపిస్తాయి, కొన్ని రోజులు చల్లటి నీళ్లు జివ్వుమంటాయి, అంతే. పళ్లని నిజంగా వదులు చేసేది ఆ గార కింద ఎముకని కరిగించే చిగుళ్ల జబ్బు, షుగర్ ఉన్నవాళ్లకి ఇది ఇంకా త్వరగా ముదురుతుంది. ఖర్చు గురించి ఆగిపోతే హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. గుట్కా, ఖైనీ, సిగరెట్ మానకుండా మాత్రం ఎన్నిసార్లు క్లీనింగ్ చేయించినా వాసన మళ్లీ వస్తుంది.

నోరు ఎండిపోవడం ఇంకో కారణం. ఉపవాసాలు, నోటితో గాలి పీల్చే అలవాటు, ఎలర్జీకి, డిప్రెషన్‌కి, బీపీకి వాడే కొన్ని టాబ్లెట్లు దీన్ని తెస్తాయి. టాబ్లెట్ సొంతంగా ఆపొద్దు, డాక్టర్‌కి చెప్పండి, మాటిమాటికీ నీళ్లు తాగండి, షుగర్ లేని చూయింగ్ గమ్ నమలండి.

పచ్చి వెల్లుల్లిది వేరే కథ. దాని గంధకం రక్తంలో కలిసి ఊపిరితిత్తుల నుంచి బయటికొస్తుంది, అందుకే ఎంత బ్రష్ చేసినా పోదు. దాంతో పాటే పాలు, ఆపిల్, పుదీనా తీసుకుంటే కొంత తగ్గుతుంది. సోంపు, యాలకులు, లవంగం కాసేపు కప్పిపెడతాయంతే. మౌత్‌వాష్ కూడా చాలావరకు ఇంతే. క్లోర్‌హెక్సిడిన్ అనే, బ్యాక్టీరియాని చంపే మందు ఉన్నవి పనిచేస్తాయి కానీ ఎక్కువ రోజులు వాడితే పళ్ల మీద గోధుమ రంగు మరకలు పడతాయి, డెంటిస్ట్ చెప్పినన్ని రోజులే వాడండి, పేస్ట్‌తో బ్రష్ చేశాక అరగంట ఆగి పుక్కిలించండి.

పళ్లు, చిగుళ్లు బాగానే ఉన్నాయని డెంటిస్ట్ చెప్తే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి, గొంతులో టాన్సిల్ గుంతల్లో తెల్లటి గడ్డలు గానీ సైనస్ గానీ కారణం కావచ్చు. చిన్నపిల్లల్లో ముక్కు ఒక్క రంధ్రం నుంచే చెడు వాసన, చీమిడి వస్తుంటే లోపల పూసో గింజో ఇరుక్కుందేమో చూపించండి. షుగర్ ఉన్న మనిషి ఊపిరి పండిన పళ్ల వాసన కొడుతూ, వాంతులు, ఆయాసం ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు, అప్పటికప్పుడు హాస్పిటల్‌కి తీసుకెళ్లండి.