ఫ్లూయిడ్ వాల్యూమ్ సున్నా వస్తోందా? మూతలు చూడండి, తర్వాత ప్లగ్గులు చూడండి

సమస్య: వాల్వ్ బాడీ మోడల్ చేశారు, సాలిడ్‌వర్క్స్ ఫ్లో సిమ్యులేషన్‌లో (ప్రవాహాన్ని లెక్కకట్టే సాఫ్ట్‌వేర్) చెక్ జామెట్రీ నొక్కారు, ఫ్లూయిడ్ వాల్యూమ్, అంటే ద్రవం నిండే లోపలి ఖాళీ, సున్నా అంది. లోపలి ఖాళీ ఎక్కడో బయటి గాలితో కలిసిపోయింది, అందుకే సాఫ్ట్‌వేర్‌కి లోపలేదో బయటేదో తేలడం లేదు.

ముందు ఇన్‌లెట్, అవుట్‌లెట్ మూతలు, అంటే ద్రవం వచ్చే, పోయే నోళ్లను మోడల్‌లో మూసే బిళ్లలు చూడండి. మూత పెట్టడమే కాదు, ఇప్పుడు తెరిచి ఉన్న కాన్ఫిగరేషన్‌లో (అదే మోడల్‌కి ఉండే వేరే వేరే రూపాల్లో ఒకటి) అది సప్రెస్ అయి, అంటే లేనట్టుగా పక్కన పెట్టి ఉందేమో చూడండి. బాలానగర్, జీడిమెట్ల షాపుల పనులు చేసే మా ఆఫీసులో పిల్లలకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో, అయినా అది వదిలేసి మెష్ సెట్టింగులు మారుస్తూ సాయంత్రం దాకా కూర్చుంటారు.

మూతలన్నీ ఉన్నా సున్నా వస్తోందంటే నా అనుమానం డ్రెయిన్ ప్లగ్ మీదే. ఒకసారి దీనివల్లే నాకు రెండు రోజులు పోయాయి. అది కాలర్ లేని పావు అంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు మర) ప్లగ్. బాడీలో రంధ్రం ట్యాప్ డ్రిల్ సైజు (మర కొయ్యకముందు వేసే రంధ్రం కొలత) 11.8 మి.మీ.కి గీసి ఉంది, మరలు కాస్మెటిక్ థ్రెడ్, అంటే ఉత్త బొమ్మ. సప్లయర్ ఇచ్చిన స్టెప్ ఫైల్‌లో (ఏ సాఫ్ట్‌వేర్‌కైనా పంపుకునే 3డీ మోడల్ ఫైల్) ప్లగ్ మర అడుగు కొలతకి, 11.445కి గీసి ఉంది. చుట్టూ 0.18 మి.మీ. సందు. షాపులో టెఫ్లాన్ టేప్ చుట్టి బిగిస్తే చుక్క కారదు కానీ మోడల్‌లో టేపూ లేదు, మరా లేదు. స్క్రీన్ మీద ప్లగ్ రంధ్రంలో చక్కగా కూర్చున్నట్టే ఉంటుంది, సెక్షన్ తీసి బాగా జూమ్ చేస్తే తప్ప ఆ సందు కంటికి ఆనదు.

కళ్లు నొప్పి పెట్టుకోకుండా లీక్ ట్రాకింగ్ వాడండి. లోపలి ముఖం ఒకటి, బయటి ముఖం ఒకటి ఎంచుకుంటే కారే దారి గీత గీసి చూపిస్తుంది.

సప్లయర్ ప్లగ్‌ని సరిదిద్దే పని పెట్టుకోవద్దు. సిమ్యులేషన్ కోసం వేరే కాన్ఫిగరేషన్ చేసి అందులో ప్లగ్ సప్రెస్ చేయండి. రంధ్రం అంచుని కన్వర్ట్ ఎంటిటీస్‌తో స్కెచ్‌లోకి తెచ్చి మూత ఎక్స్‌ట్రూడ్ చేయండి. 11.8 అని చేత్తో కొడితే, రేపు డిజైనర్ రంధ్రం 12 చేసిన రోజు మళ్లీ ఇదే గోల. గేజ్ పోర్టు, ఎయిర్ వెంట్ కూడా ఇలాగే మూసేయండి.

అప్పటికీ తేలకపోతే ఇంకో రెండు కారణాలు. స్టెప్ ఫైల్ సాలిడ్‌గా కాకుండా సర్ఫేస్‌గా, అంటే ఉత్త పైపొరగా వచ్చిందేమో పక్కనున్న ట్రీలో (భాగాల జాబితా) చూస్తే తెలిసిపోతుంది. రెండు భాగాలు ఒకే గీత మీద ఆనుకున్నాయని ఎర్రర్ ఇస్తే ఒకదాన్ని 0.1 మి.మీ. లోపలికి జరపండి. ఇవి అరుదు.

వాల్యూమ్ వచ్చాక లెక్క కట్టి చూడండి. 50 మి.మీ. బోరు, 200 మి.మీ. పొడవు అయితే దాదాపు 393 సీసీ రావాలి. అంతకంటే బాగా ఎక్కువ చూపిస్తే, ప్రవాహంతో సంబంధం లేని మూసుకుపోయిన బోల్టు గుంతలు కూడా లెక్కలోకి వచ్చినట్టే, విజార్డ్‌లో వాటిని మినహాయించే టిక్ ఉంది, పెట్టండి.