యార్డులో ఫోర్కు లోడర్: వెనక చక్రాలు తేలుతుంటే ఏం చేయాలి?

వానలు మొదలైతే ఆటోనగర్, పటాన్‌చెరు, మేడ్చల్ వైపు పాత బండ్ల యార్డుల్లో లోడర్ పని, అంటే మెషీన్ ముందుండే రెండు ఇనుప ఫోర్కులతో కార్లు ఎత్తి జరిపే పని, కష్టమవుతుంది. నేల మెత్తబడుతుంది, టైర్లు దిగబడతాయి. యాక్సిడెంట్ అయ్యేముందు మెషీన్ ఏదో ఒక సూచన ఇస్తూనే ఉంటుంది. దాన్ని పట్టించుకోకపోవడమే అసలు ప్రమాదం.

కారు ఎత్తగానే వెనక చక్రాలు తేలుతున్నాయి

కారణం: కారు బరువొక్కటే కాదు, ఆ బరువు ఎంత ముందుకు పడుతోందన్నది కూడా. ఫోర్కుల కెపాసిటీని సాధారణంగా వాటి మలుపు (ఫోర్కు L ఆకారంలో వంగే చోటు) నుంచి 500 లేదా 600 మి.మీ. దూరానికి లెక్కగట్టి మెషీన్ ప్లేటు మీద వేస్తారు. ఇన్నోవా వెడల్పే 1.8 మీటర్లు. పక్క నుంచి ఎత్తినా దాని బరువు 900 మి.మీ. దగ్గర పడుతుంది. ముందు నుంచో వెనక నుంచో ఎత్తితే రెండు మీటర్లు దాటుతుంది. కాబట్టి ప్లేటు మీద రెండు టన్నులని ఉంది కదా, 1,800 కిలోల బండి లేస్తుందిలే అనుకోవద్దు. పైగా నడుము దగ్గర మలుపు తిరిగే లోడర్ అయితే, పూర్తిగా తిప్పినప్పుడు మోసే శక్తి ఇంకా తగ్గుతుంది.

పరిష్కారం: వెంటనే, నెమ్మదిగా దించేయండి. కారును పక్క నుంచి, ఫోర్కుల మలుపుకి ఆనించి ఎత్తండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 474-3 ప్రకారం ఫోర్కులతో గట్టి, చదును నేల మీద టిప్పింగ్ లోడ్‌లో (మెషీన్ ముందుకి ఒరిగిపోయేంత బరువులో) 80 శాతం వరకే ఎత్తాలి, ఎగుడుదిగుడు నేల మీద 60 శాతమే. వాన పడ్డ మట్టి యార్డుకి నేనైతే 60 శాతమే లెక్క వేస్తాను. బ్యాలెన్స్ కోసం ఇద్దరు హెల్పర్లను లోడర్ వెనక ఎక్కించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దయచేసి మానేయండి. బండి ఒక్కసారి కుదిపితే ముందు పడేది వాళ్లే. ఒకవేళ లోడర్ ఒరిగిపోతుంటే ఆపరేటర్ దూకకూడదు. బెల్టు పెట్టుకుని క్యాబిన్‌లోనే గట్టిగా పట్టుకుని ఉండాలి.

కారు ఫోర్కుల మీద ఒక పక్కకి వాలుతోంది, జారుతోంది

ఇంజిన్ ముందుంటే బరువు అటే ఎక్కువ, కాబట్టి ఫోర్కులను కారు మధ్య నుంచి కాస్త ఇంజిన్ వైపు జరపాలి. రెండింటి మధ్య ఎడం వీలైనంత ఎక్కువ ఉంచి, అర అడుగు ఎత్తి ఆగి చూడండి. వాలితే దించి మళ్లీ సర్దుకోండి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో వచ్చినలాంటి వరదలో మునిగిన కార్లతో ఇంకో చిక్కు ఉంది. లోపలి నీళ్లు ఎత్తగానే ఒక పక్కకి పరుగెత్తి బ్యాలెన్స్ మార్చేస్తాయి. ముందు డోర్లు తెరిచి నీళ్లు పోనివ్వండి. తడి ఇనుము మీద ఇనుము జారుతుంది, గొలుసు కట్టకుండా కదలొద్దు. నడిపేటప్పుడు లోడ్ నేలకి అడుగు, అడుగున్నర ఎత్తులోనే ఉండాలి. ర్యాంపు ఎక్కేటప్పుడు ముందుకి, దిగేటప్పుడు రివర్స్‌లో. ఎటు వెళ్లినా లోడ్ ఎగువ వైపే.

ముందేముందో కనపడటం లేదు

ఎత్తిన కారు అడ్డొస్తుంది. రివర్స్‌లో నడపండి, లేదా సైగ చేసే మనిషిని పెట్టుకోండి. సైగలు చేసేది ఒక్కరే. కానీ ‘ఆగు’ అన్న సైగ ఎవరు చేసినా ఆగాలి. తెలుగు, హిందీ కలగలిసే యార్డుల్లో సైగలు పొద్దున్నే అందరికీ చూపించాలి.

లివర్ వదిలేసినా ఫోర్కులు దిగిపోతున్నాయి

సిలిండర్ సీలో, కంట్రోల్ వాల్వో లీకవుతోంది. రిపేరయ్యేదాకా ఆ మెషీన్ వాడొద్దు. పైపు లీకేజీని చేత్తో తడిమి వెతకొద్దు, ప్రెషర్‌కి ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది. అట్టముక్కతో వెతకండి.

ఫోర్కులు గలగలమంటున్నాయి

ఫోర్కులను పట్టి ఉంచే లాక్ పిన్నులు పూర్తిగా దిగాయో లేదో కిందికి దిగి కళ్లతో చూడండి. మలుపు దగ్గర మందం 10 శాతం అరిగితే, అంటే 50 మి.మీ. కాస్తా 45కి వస్తే, ఫోర్కు మార్చాల్సిందే. వెల్డింగ్‌తో నింపించి వాడొద్దు.

ఎలక్ట్రిక్ కారు వచ్చింది

బ్యాటరీ ఫ్లోర్ కిందే ఉంటుంది. అక్కడ ఫోర్కు పెట్టొద్దు, చక్రాల కింద ట్రాలీలు పెట్టి జరపండి. బ్యాటరీ దెబ్బతిన్నదైతే మిగతా బండ్లకి, షెడ్లకి కనీసం 15 మీటర్ల దూరంలో ఉంచండి.