న్యూజెర్సీ పెరట్లో ఆస్టర్లు: జులై 4 లోపే తలలు తుంచండి

సెప్టెంబరు చివరికి మా వైపు పెరళ్ళు వెలవెలబోతాయి. టమాటా మొక్కలు వడలిపోతాయి, బెండ ముదిరి ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడు గుబురంతా ఊదారంగు కమ్ముకుని పూసేది ఆస్టర్. మన చామంతి, బంతి కుటుంబమే. పైగా ఈ నేల మొక్క, ఇక్కడి చలికి తట్టుకుని ఏటా వేళ్ళ నుంచి మళ్ళీ చిగురిస్తుంది.

చోటును బట్టి రకం ఎంచుకోండి. కంచె పక్కన వేయాలంటే న్యూ ఇంగ్లండ్ ఆస్టర్, అది మూడు నుంచి ఆరడుగుల దాకా లేస్తుంది. దారి పక్కకైతే అందులోనే పొట్టి రకం పర్పుల్ డోమ్ చాలు, అడుగున్నర ఎత్తు. నీళ్ళు నిలవని పొడి నేల, జింకల బెడద ఉన్నవాళ్ళకు నా ఓటు అక్టోబర్ స్కైస్‌కే. దాని ఆకు నలిపితే ఘాటైన వాసన వస్తుంది, జింకలు అంతగా ముట్టవు.

మొక్కను ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో నాటండి. శరత్కాలంలో దుకాణాల ముందు పూలతో పెట్టే కుండీలు గుమ్మంలో అందంగానే ఉంటాయి, కానీ అంత ఆలస్యంగా నేలలో పెడితే వేరు పట్టేలోపే మట్టి గడ్డకడుతుంది. చాలావరకు మళ్ళీ మొలవవు. రోజుకు ఆరు గంటల ఎండ తప్పనిసరి. పొడవు రకాలకు మొక్కకూ మొక్కకూ రెండడుగులైనా వదలండి. ఇరుకైతే గాలాడక బూడిద తెగులు పడుతుంది. నీళ్ళు పొద్దున్నే, ఆకుల మీద కాకుండా మొక్క మొదలు దగ్గర పోయండి. వసంతంలో కాస్త కంపోస్ట్ చాలు, ఎరువు ఎక్కువైతే కాడలు ఏపుగా సాగి వానకు ఒరిగిపోతాయి.

అసలు పని తలలు తుంచడం. మన దగ్గర చామంతికీ బంతికీ చేసేదే. మే చివర్లో మొక్క అడుగు ఎత్తుకు రాగానే, ప్రతి కాడ చివర మూడోవంతు, ఒక ఆకుకు సరిగ్గా పైన గిల్లేయండి. కొద్ది రోజులకే ఆకుల సందుల్లోంచి పక్క కొమ్మలు తొంగిచూస్తాయి. జూన్ చివర్లో వాటి తలలూ ఒకసారి తుంచితే మొక్క గుబురుగా కుదురుకుంటుంది, కర్ర ఊతం దాదాపు అక్కర్లేదు. జులై 4 తరవాత మాత్రం చెయ్యి పెట్టకండి. మొగ్గ కట్టడం వెనకబడి, విచ్చుకునే వేళకు మంచు కొట్టేస్తుంది.

పొడవు రకాలకు ఆగస్టుకల్లా కింది ఆకులు ఎండిపోతాయి. జబ్బనుకుని పీకేయకండి, దాని తత్వమే అంత. ముందు వరసలో బంతి వేస్తే ఆ బోడికాడలు కనపడవు, ఊదా పక్కన నారింజ రంగు చూడముచ్చటగా కూడా ఉంటుంది.

పూశాక ఒక్క పువ్వును దగ్గరగా చూడండి. మధ్యలో పసుపు బొట్టులా ఉన్నదంతా చిన్న చిన్న పూల గుంపు. అవి ముదిరేకొద్దీ పసుపు కాస్తా ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. మెక్సికో దారి పట్టిన మోనార్క్ సీతాకోకచిలుకలు వాలేది ఈ పూల మీదే, చలికాలం ముందు తుమ్మెదలకు దొరికే చివరి తేనెల్లో ఇదొకటి. దయచేసి ఆ రోజుల్లో పురుగుమందు కొట్టకండి.

బతుకమ్మకు పనికొస్తాయా అని మా వాళ్ళు అడుగుతుంటారు. రంగు గునుగు పక్కన అద్భుతంగా ఉంటుంది గానీ, న్యూ ఇంగ్లండ్ ఆస్టర్ పొద్దుగూకితే ముడుచుకుంటుంది, కోసినా అంతే. అందుకే బయటి వరసలకు బంతి, చామంతే వాడండి. ఆస్టర్ మధ్యాహ్నం పూజ పళ్ళెంలోకి బాగుంటుంది.

పూలయ్యాక ఎండుకాడలు చలికాలమంతా అలాగే ఉంచి, వసంతంలో కొత్త చిగురు కనపడగానే మొదలంటా కోయండి. రెండు మూడేళ్ళకు కుదురు నడిమి భాగం బోలుపోతుంది. అప్పుడు తవ్వి, అంచున ఉన్న బలమైన పిలకలు వేళ్ళతో సహా విడదీసి నాటుకోండి, మిగిలినవి పక్కింటికి ఇవ్వండి.