పాత కాగితంతో ఉపన్యాసం, నాలుగో పాఠం: ముందు తేదీ తేల్చండి

పోయిన పాఠంలో లైబ్రరీకి వెళ్ళి ఒకే ఒక్క కాగితం ఎంచుకోమన్నాను, దాని నంబరు, కట్ట నంబరు రాసుకుని, ఉన్నదున్నట్టు నకలు దింపుకోమన్నాను. విశాఖ దాకా వెళ్ళి ఆంధ్రా యూనివర్సిటీ వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో కూర్చున్నవాళ్ళు తాటాకుల జోలికి అప్పుడే వెళ్ళకండి. తాటాకు మీద మాటల మధ్య ఖాళీ ఉండదు, దాన్ని చదవడానికి వేరే పాఠం పెట్టుకుందాం.

ఈరోజు తేదీ గురించి. ఇది నేను దెబ్బతిన్న చోటు కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను.

విజయనగరంలో నా మొదటి ఉపన్యాసం ఒక భూమి అమ్మకం దస్తావేజు మీద. దాంట్లో ఇంగ్లీషు సంవత్సరం లేదు, 'హేవిళంబి నామ సంవత్సరం' అని మాత్రమే ఉంది. కాగితం బాగా నలిగిపోయి ఉంటే పాతదే అనుకుని, 1837 అని ధైర్యంగా చెప్పేశాను. చివర్లో చెక్కుబందీ, అంటే భూమికి నాలుగు వైపుల హద్దులు, చదువుతూ 'తూర్పు హద్దు రైలు కట్ట' అన్నాను. ముందు వరసలో ఒక పెద్దాయన నెమ్మదిగా లేచి, "1837లో రైలు కట్టేటి బాబూ?" అన్నారు. మన దేశంలో ప్రయాణికుల రైలు మొదట నడిచిందే 1853లో. నాకు నోట మాట రాలేదు. ఆ కాగితాన్ని నేను ఇరవైసార్లు చదివాను, కానీ హద్దులు కేవలం హద్దులే అనుకుని దాటేశాను.

సంగతి ఏమిటంటే, తెలుగు సంవత్సరాల పేర్లు అరవయ్యేళ్ళకోసారి తిరిగొస్తాయి. ఈ మధ్య హేవిళంబి ఎప్పుడొచ్చింది? 2017 ఉగాదికి. అక్కడి నుంచి అరవై చొప్పున తీసేస్తూ పోతే 1957, 1897, 1837. పేరు మీకు ఇన్ని సంవత్సరాలు చూపిస్తుంది, వాటిలో ఏదో తేల్చాల్సింది కాగితం లోపలి మాటలే. రైలు కట్ట 1837ను కొట్టేసింది. దస్తావేజు మీద విక్టోరియా రాణి బొమ్మ ఉన్న స్టాంపు ఉంది, అది 1957ను కొట్టేసింది. మిగిలింది 1897, కన్యాశుల్కం మొదటి కూర్పు అచ్చయిన ఏడు. అయితే ఆ ఏడు ఉగాదికి ముందు మూడు నెలలూ ఇంకా ముందటి సంవత్సరం దుర్ముఖే, అందుకని నెల చూడకుండా సంవత్సరం రాయొద్దు.

జమీందారీ లెక్కల్లో, రెవెన్యూ కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కలకు వాడే సంవత్సరం, కనిపిస్తుంది. 19వ శతాబ్దం చివరి కాగితాలకైతే ఫసలీ జులై 1న మొదలవుతుంది. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే ఫసలీ అంకెకు జులై నుంచి డిసెంబరు దాకా 590 కలపండి, జనవరి నుంచి జూన్ దాకా 591. ఫసలీ 1300 అంటే 1890 జులై నుంచి 1891 జూన్ దాకా అన్నమాట. ఫసలీ, తెలుగు సంవత్సరం పేరు రెండూ ఒకే కాగితం మీద దొరికితే మీ అదృష్టం, ఒకదానితో ఇంకోటి సరిచూసుకోవచ్చు.

ఇప్పుడు ఉపన్యాసం సంగతి. తేదీ తేలింది కదా అని మొదటి వాక్యంలోనే '1897 నాటి ఈ దస్తావేజు' అని చెప్పేయకండి, ఎందుకంటే మీరు పడ్డ కష్టమే వినేవాళ్ళకి అన్నిటికన్నా ఇష్టమైన భాగం. హేవిళంబి అన్న మాట పెద్దగా చదవండి, ఆగండి. ఎప్పుడై ఉంటుందని అడగండి. 1957లో చదువుకున్నవాళ్ళు ఆ హాల్లో ఉండొచ్చు, వాళ్ళు చెప్తారు. తర్వాత హద్దులు చదవండి, రైలు కట్ట దగ్గరికొచ్చేసరికి ఎవరో ఒకరు మీకన్నా ముందే అందుకుంటారు. నేను అదే దస్తావేజుతో రెండోసారి ఇలాగే మాట్లాడాను, ఆ పెద్దాయన్నీ పిలిచాను. ఆయన మా ఊరి పొలాల పేర్లు కూడా చెప్పారు, నా నకల్లో రెండు పేర్లు తప్పు చదివానని అప్పుడే తెలిసింది.

అభ్యాసం: ఒక రసీదు మీద 'నందన నామ సంవత్సర పుష్య బహుళ పంచమి, ఫసలీ 1302' అని ఉందనుకోండి. ఇంగ్లీషు సంవత్సరం ఎంత? 1892 అని తొందరపడకండి, సంక్రాంతి ఏ మాసంలో వస్తుందో ఒకసారి గుర్తు తెచ్చుకుని లెక్క వేయండి. లెక్క మొత్తం నోట్‌బుక్‌లో రాసి ఉంచండి, వచ్చే పాఠంలో పాత చేతిరాత దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ రసీదే మళ్ళీ తీస్తాం.