ఇంటర్వ్యూలను కోడింగ్ చేయడం ఎలా?

అంకెలకు బదులు మనుషుల మాటలను పరిశీలించే గుణాత్మక పరిశోధనలో, ఇంటర్వ్యూలోని ఒక్కో భాగానికి దాని అర్థం చెప్పే చిన్న పేరు (కోడ్) తగిలించడాన్ని కోడింగ్ అంటారు. ఇంటర్వ్యూలు పూర్తికాగానే చాలామంది నేరుగా అందుకు వాడే సాఫ్ట్‌వేర్ తెరుస్తారు. విశ్లేషణ చెడిపోవడం అక్కడే మొదలవుతుంది.

ముందుగా రికార్డింగులను ఉన్నదున్నట్టు రాసుకొని, మనుషుల పేర్లు తొలగించి, ఒక్కో ఇంటర్వ్యూను ఒక్కో ఫైలుగా భద్రపరచండి. సాఫ్ట్‌వేర్లలో ఎన్‌వివో, అట్లాస్ టీఐ, మాక్స్‌క్యూడీఏ డబ్బు పెట్టి కొనవలసినవి. టాగెట్, క్వాల్‌కోడర్ ఉచితం. ఇంటర్వ్యూలు ఇరవైకి మించకపోతే టాగెట్ చాలు. ఏది వాడినా, మొదటి రెండు ఇంటర్వ్యూలను మాత్రం కాగితంపైనే, పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటూ చదవాలి. తెరమీద చదివేవారు వాక్యం ముగియకముందే కోడ్ తగిలించేస్తారు.

అసలు కష్టం కోడ్‌కు పేరు పెట్టడంలో ఉంది. ఒక నర్సు, "ఆ రాత్రి డాక్టరుగారు ఫోను ఎత్తలేదు, మందు మోతాదు నేనే తగ్గించాను, తెల్లవార్లూ ఆ రోగి మంచం పక్కనే కూర్చున్నాను" అని చెప్పిందనుకోండి. ఎక్కువమంది దీనికి 'పని ఒత్తిడి' అని పేరు పెట్టి ముందుకు సాగిపోతారు. ఆ పేరు కింద జీతం గొడవ నుంచి సెలవు దొరకకపోవడం దాకా అన్నీ వచ్చి చేరతాయి, చివరికి ఆమె చేసిన పని ఎక్కడా కనబడదు. 'అడిగే దిక్కులేక తానే నిర్ణయించడం', 'నిర్ణయించాక కాపలా కాయడం' అని రెండు కోడ్‌లు పెడితే, ఆరు నెలల తర్వాత జాబితా చూసినా జరిగింది అర్థమవుతుంది. అందుకే కోడ్ పేరులో ఒక క్రియ తప్పనిసరిగా ఉండాలి.

పేరు పెట్టిన వెంటనే, ఆ కోడ్ కిందికి ఏది వస్తుందో, ఏది రాదో కోడ్‌బుక్‌లో, అంటే కోడ్‌ల వివరాలు రాసుకునే జాబితాలో, రెండు వాక్యాలు రాయండి. ఏడో ఇంటర్వ్యూలో కొత్త కోడ్ పుడితే, మొదటి ఆరింటినీ దాని కోసం మళ్లీ చదవవలసిందే. ఓపిక లేక అందరూ వదిలేసే పని ఇదే.

పదాల లెక్కతో విశ్లేషణ ముగించేవారూ ఉన్నారు. ఆ నర్సు 'భయం' అనే మాటే వాడలేదు కనుక ఏ లెక్కా ఆమె భయాన్ని పట్టుకోలేదు. ఇద్దరు విడివిడిగా కోడింగ్ చేసి, అవి ఎంతవరకు కలిశాయో కొలిచే కోహెన్ కప్పా విలువ చూపడం కూడా నాకు సమ్మతం కాదు. ఇద్దరూ అవే చోట్ల 'పని ఒత్తిడి' అని రాసినా ఆ విలువ ఎక్కువగానే వస్తుంది.

2006లో పరిశోధకులు బ్రౌన్, క్లార్క్ వివరించిన ఆరు దశల పద్ధతిలో థీమ్‌ల (పలు కోడ్‌లను కలిపే ప్రధాన భావాల) అన్వేషణ కోడింగ్ తర్వాతే వస్తుంది. ప్రతి థీమ్‌నూ పూర్తి వాక్యంగా రాసి, దానికి ఎదురు చెప్పే ఇంటర్వ్యూ కోసం వెతకండి; దొరికితే ఇంటర్వ్యూను పక్కన పెట్టకుండా వాక్యాన్నే మార్చండి.