చలి ముదరకముందే పెరటి చేపల గుంట సంగతి చూసుకోండి

రాయగడ, గుణుపూర్ వైపు పెరట్లో చిన్న గుంట తవ్వుకుని బొచ్చె, రోహు వేసుకున్నవాళ్లు దీపావళి వెళ్లగానే ముందు నీటి లోతు చూసుకోండి, ఐదారు అడుగులు నిలిచేలా నింపండి, ఎందుకంటే రాత్రి పైనీళ్లు చల్లబడినా అడుగున కాస్త వెచ్చగా ఉంటుంది, చేపలు అక్కడికి దిగిపోతాయి. మా గట్టు మీదే పనస చెట్టు ఉంది, ఆకులన్నీ రాలి అడుగున నల్లగా కుళ్లిపోయి, పోయినేడు తెల్లారగట్ల చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి, ప్రాణం ఉసూరుమంది. ఆకులు వలతో తీసేయండి, గుంట మీదకి వాలిన కొమ్మలు కొట్టించేయండి.

సున్నం మాత్రం మర్చిపోవద్దు. సెంటుకి కిలో లెక్కన ముందురోజే ఇనప డ్రమ్ములో నానబెట్టి, పూర్తిగా చల్లారాక, ఎండెక్కిన తర్వాత గుంటంతా చల్లాలి, వేడి మీద పోశారో చేపలు పోతాయి. ఒంటి మీద ఎర్రమచ్చలు లేచి పుళ్లు పడే జబ్బు ఈ చలిరోజుల్లోనే ఎక్కువ కదా, అందుకే ఇది ముందే చేసుకోవాలి.

మేతగా వేసే తవుడు, గానుగ చెక్క సగానికి తగ్గించి మధ్యాహ్నం ఎండలోనే వేయండి, గంట తర్వాత కూడా మిగిలి కనిపిస్తే మర్నాడు ఇంకాస్త తగ్గించండి.